చెలికాడు

కన్నడంలో గెళెయ, తమిళంలో కేళ్, తెలుగులో చెలి. కై చేయి అయినట్టే, పాత ద్రావిడ కకారం ఇ, ఎ వంటి అచ్చుల ముందు తెలుగులో చకారమైంది. చెలి అంటే నేస్తమే. దానికి ‘కాడు’ చేరితే చెలికాడు, ‘కత్తె’ చేరితే చెలికత్తె.

పుట్టుక ఒకటే అయినా ఈ రెండు మాటల బతుకులు వేరు. చెలికాడు రాజుకు సరిసాటిగా పక్కన కూర్చున్నాడు. ప్రేమ పాటల్లోకి వచ్చేసరికి ప్రియుడే అయ్యాడు. చెలికత్తె మాత్రం రాకుమార్తె వెనక వింజామర పట్టుకుని నిలబడిపోయింది. స్నేహితురాలికి పరిచారిక పని అంటగట్టిన ఆ అంతఃపురపు లెక్క నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

స్నేహం ప్రేమగా మారడం, అంతస్తు అడ్డు రావడం చూడాలంటే బి.ఎన్.రెడ్డి సినిమా ‘మల్లీశ్వరి’ (1951) చూడాలి. కథాకాలం శ్రీకృష్ణదేవరాయలది. నాగరాజు, మల్లి బావామరదళ్లు, అంతకన్నా ముందు ఆటల తోడు. వాళ్ల మనసులు ఎప్పుడు మారాయో గీత గీసి చూపలేం. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటల్లోని అందమంతా అక్కడే ఉంది. మల్లి తల్లికి మాత్రం శిల్పి అయిన నాగరాజు చేతిలోని ఉలి కన్నా అతని ఖాళీ సంచే కనిపించింది. అతను సంపాదనకు ఊరు దాటాడు. ఈలోగా రాణివాసం పల్లకి మల్లి గుమ్మం ముందు ఆగింది.

చెలిమి, చెలి ఇంకా మన నోట ఉన్నాయి. చెలికాడు పాటల్లోనే ఎక్కువగా వినిపిస్తున్నాడు. ప్రేమించినవాణ్ణి ముందు స్నేహితుడిగా పిలిచే ఈ మాటను ఇళ్లలోనూ వాడుకోవాలి.