గిల్: పైథాన్, సీల మధ్య తాళం

పైథాన్ ప్రోగ్రాం సీ, సీ++, రస్ట్‌లలో రాసిన లైబ్రరీలను పిలిచినప్పుడు అటు థ్రెడ్లూ ఇటు థ్రెడ్లూ ఒకే మెమరీని తాకుతాయి. అక్కడ గందరగోళం రాకుండా పైథాన్ పెట్టుకున్నదే గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్. ప్రోగ్రామర్ల నోట ‘గిల్’.

గిడో వాన్ రోసమ్ 1989 చివర్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన ఈ భాషకు 1992లో థ్రెడ్లతో పాటే ఈ లాక్ వచ్చింది. పైథాన్‌లో ప్రతి ఆబ్జెక్టూ తనను ఎన్నిచోట్ల వాడుతున్నారో లెక్క ఉంచుకుంటుంది. లెక్క సున్నా అయితే మెమరీ ఖాళీ. రెండు థ్రెడ్లు ఒకేసారి ఆ అంకెను మారిస్తే, వాడుకలో ఉన్న ఆబ్జెక్టే మాయం కావచ్చు. అందుకే గిల్ చేతిలో ఉన్న ఒక్క థ్రెడ్‌కే పైథాన్ కోడ్ నడిపే హక్కు. సీ లైబ్రరీలు రాసేవారికి ఇది పెద్ద వరం. థ్రెడ్ల బెంగ చాలావరకు తీరిపోయింది.

పైథాన్ కోడ్ నడపాలంటే సీ వైపు పుట్టిన థ్రెడ్‌కూ గిల్ కావాలి. దాన్ని సులువుగా తీసుకునే పద్ధతిని 2003లో మార్క్ హామండ్ ప్రతిపాదించారు.

అసలు చిక్కు రెండో లాక్‌తో వస్తుంది. సీ++ ఫంక్షన్‌లోని స్టాటిక్ వేరియబుల్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు కంపైలరే ఒక లాక్ వేస్తుంది. అది పట్టుకున్న థ్రెడ్ లోపల్నుంచి పైథాన్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసిందనుకుందాం. మధ్యలో గిల్ చేయి మారుతుంది. గిల్ అందుకున్న రెండో థ్రెడ్ అదే ఫంక్షన్‌లోకి వచ్చి స్టాటిక్ లాక్ కోసం ఆగుతుంది, మొదటిది గిల్ కోసం ఆగుతుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం కూలిపోదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ఇంతకంటే పట్టుకోవడం కష్టమైన బగ్ అరుదు. వేరే లాక్ కోసం ఆగే ముందు గిల్ వదిలెయ్యడమే దీనికి మందు.

గిల్‌నే తీసేద్దామని 1996లో గ్రెగ్ స్టైన్, 2016లో ల్యారీ హేస్టింగ్స్ ప్రయత్నించారు. కానీ ఒక్క థ్రెడ్‌తో నడిచే మామూలు ప్రోగ్రాంలు బాగా నెమ్మదించాయి. తర్వాత శామ్ గ్రాస్ ఆబ్జెక్టుల వాడుకను లెక్కపెట్టే పద్ధతినే మార్చారు: ఆబ్జెక్టును సృష్టించిన థ్రెడ్‌కు వేగమైన దారి, మిగతావాటికి వేరే దారి. ఆయన ప్రతిపాదన 2023 అక్టోబరులో ఆమోదం పొందింది. 2024లో వచ్చిన 3.13లో గిల్ లేని పైథాన్ ప్రయోగాత్మకంగా విడుదలైంది.

అందులోనూ పాత లైబ్రరీల సంగతి మరవలేదు. గిల్ లేకుండా నడవగలనని చెప్పుకోని సీ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేస్తే, పైథాన్ హెచ్చరిక చూపి గిల్‌ను మళ్లీ వేసేస్తుంది.