మరకకు ముందు గోడ

గోడల మీది మరకల గురించి చెప్పవలసినదంతా ఒక్క సూత్రంగా కూర్చుకుంటే నాకు ఇలా కుదిరింది: ‘గోడనెరిగి, మరకనెరిగి, చాటున చూసి, కింది నుంచి పైకి, అద్ది తుడువు, పోనిదాన్ని కప్పు.’ ఒక్కో మాటే విప్పి చూద్దాం.

గోడనెరిగి: గోడ అంటే ఇక్కడ ఇటుకా సిమెంటూ కాదు, వాటి మీది పూత. సూత్రంలో ఇది మొదట నిలవడానికి కారణం ఉంది. మరకను కరిగించేదే చాలాసార్లు రంగునూ కరిగిస్తుంది. వెల్ల వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. నిమ్మరసమో వెనిగరో తగిలితే ఆ పూతే నురగలు కక్కి కరిగిపోతుంది. పొడి డిస్టెంపర్‌లో సుద్దను పట్టి ఉంచేది నీటికి లొంగే జిగురు. తడిగుడ్డ పెడితే మరకతో పాటు రంగూ ఊడి వస్తుంది. ఈ రెండు రకాల గోడలకూ పొడిగుడ్డ, పెన్సిల్ రబ్బరు చాలు. వాటితో పోకపోతే ఆ మేర మళ్లీ పూయడమే మంచిది.

ప్లాస్టిక్ పెయింట్ అని అందరూ పిలిచే ఎమల్షన్ సంగతి వేరు. ఆరాక అది నీటికి కరగని పొర. అయితే మెరుపు లేని మ్యాట్ రకంలో రంగుపొడి ఎక్కువ, దాన్ని బంధించే రెజిన్ తక్కువ. అందుకే మరకను తొందరగా లోపలికి తాగుతుంది. గట్టిగా రుద్దితే ఆ సన్నని గరుకు అరిగి, రుద్దినంత మేరా తళతళలాడుతుంది. మరక పోయినా మెరుపు మచ్చ మిగిలిపోతుంది, దాన్ని ఏ సబ్బూ పోగొట్టలేదు. కొత్తగా వేసిన ఎమల్షన్ గంటల్లోనే ఆరినట్టు కనిపించినా పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు తడిగుడ్డ తాకించకూడదు. ఎనామిల్, అంటే నూనె రంగు, వీటన్నిటికంటే ఓర్పుగలది.

మరకనెరిగి: మంచం తలాపి వైపు, సోఫా వెనక, తల ఆనించే చోట కొబ్బరినూనె మరక దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కొత్తదైతే ముందు టాల్కం పౌడర్ అద్ది కాసేపు ఉంచాలి, పైపై నూనెను అది పీలుస్తుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి తుడవాలి. పిల్లలు గీసే క్రేయాన్ మైనం. తడి గుడ్డ మీద కాస్త తినేసోడా చల్లి మెల్లగా తిప్పితే వస్తుంది. బజారులో దొరికే తెల్లటి మ్యాజిక్ స్పాంజీ కూడా పనిచేస్తుంది కానీ, అది చాలా సన్నని గరుకు కాగితంలాంటిదే. మ్యాట్ గోడకు దాన్ని నేను సిఫారసు చేయను. బాల్‌పెన్ సిరాను స్పిరిట్ కరిగిస్తుంది, ఎమల్షన్ పొరనూ మెత్తబరుస్తుంది. దూదితో తాకించి వెంటనే తీసేయాలి.

పసుపు మరక దగ్గర కొంచెం ఆగాలి. సబ్బునీళ్లు తగలగానే అది ఎర్రబడుతుంది, చాలామంది అక్కడే బెదిరిపోతారు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడే పదార్థం. హారతి పళ్లెంలో పసుపునీళ్లకు సున్నం కలిపితే జరిగేది ఇదే. మరక పెరగలేదు, రంగు మారిందంతే. మంచినీళ్లతో తుడిస్తే తిరిగి పచ్చబడుతుంది. కర్కుమిన్ వెలుతురుకు నిలవదు కూడా. ఎండ పడే గోడ అయితే తుడిచినంత తుడిచి, తక్కినది కొన్నాళ్లు ఎండకు వదిలేయండి.

దేవుడి గూటి పైన పట్టిన మసికి మొదటే నీళ్లు తగిలించకూడదు. పొడి కుంచెతో రాల్చాకే తడిగుడ్డ. చెమ్మ గోడ మీద తెల్లగా పొడిలా లేచే ఉప్పుకూ ఇదే వరస; తడిపితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. నల్లటి బూజుకు పలచని బ్లీచింగ్ నీళ్లు వాడేవాళ్లు దానిలో టాయిలెట్ యాసిడ్ ఎంతమాత్రం కలపకూడదు. ప్రాణం తీయగల క్లోరిన్ వాయువు పుడుతుంది.

చాటున చూసి: బీరువా వెనక అరచేయంత మేర ముందు తుడిచి, ఆరాక చూడాలి. తడి మీద నిజం తెలియదు.

కింది నుంచి పైకి: గోడ మొత్తం కడిగేటప్పటి మాట ఇది. పై నుంచి మొదలుపెడితే మురికినీళ్లు పొడిగా ఉన్న కింది భాగం మీద చారలు కడతాయి, ఆ చారలు మొండివి. కింది భాగం ముందే తడిసి ఉంటే జారిన నీరు అంటుకోకుండా పోతుంది.

అద్ది తుడువు: తెల్లగుడ్డే వాడాలి, రంగుగుడ్డ తన రంగునూ అంటిస్తుంది. మరక అంచు నుంచి మధ్యకు రావాలి, లేకపోతే మరక వెడల్పవుతుంది. స్విచ్‌బోర్డు చుట్టూ తుడిచేముందు మెయిన్ ఆపి, గుడ్డను గట్టిగా పిండాలి.

పోనిదాన్ని కప్పు: కప్పు కారి ఏర్పడిన గోధుమరంగు వలయాల మీద నేరుగా ఎమల్షన్ వేస్తే, అందులోని నీటికే ఆ మరక కరిగి కొత్త రంగులోంచి పైకి తేలుతుంది. ముందు కారడం ఆపాలి, గోడ ఆరాలి, ఆపైన నూనె ప్రైమర్ ఒక పూత, తర్వాతే రంగు. రంగు వేసేముందు పాత ఎనామిల్ గోడలను పొడిగా గరుకు కాగితంతో రుద్దవద్దు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులో ఉంది. అంతకుముందు వేసిన పూత దుమ్ములో సీసం ఉండవచ్చు, దాని ముప్పు పసిపిల్లలకు ఎక్కువ. అలాంటి గోడను తడిపి రుద్ది, ఆ బురదను గుడ్డతో ఎత్తి, పిల్లలను ఆ గదిలోకి రానీయకుండా చూసుకోవాలి.