సెలవుల్లో ఊరికి వెళ్ళకపోతేనేం? చెన్నపట్నమే మన పిల్లలకు తెలుగు వాచకం



ఉగాది వెళ్ళి, వార్షిక పరీక్షలు ముగిసే వేళకు ప్రతి ఏటా కొందరు తల్లిదండ్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటారు. "ఈసారి ఊరికి వెళ్ళలేకపోతున్నామండీ. టికెట్లు దొరకలేదు, ఇంట్లో పెద్దవాళ్ళకు ఒంట్లో బాగాలేదు. పిల్లలు సెలవులన్నీ టీవీ ముందే గడిపేస్తారేమో. ఏం చేయించమంటారు?" అని. ఊరు అంటే వారి దృష్టిలో నెల్లూరో, చిత్తూరో, గుంటూరో. నాలుగు తరాలుగా చెన్నపట్నంలోనే పుట్టి పెరిగిన కుటుంబాలవారు కూడా ఇలాగే అంటారు.

ఒకనాడు అయిదో తరగతి చదివే అమ్మాయి లేచి నిలబడి, "టీచర్, తెలుగు మన ఊళ్ళో భాష కదా, ఇక్కడ ఎందుకు చదవాలి?" అని అడిగింది. ఆ పూట నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. పాఠం ముందుకు నడిపించాను గానీ ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. పై రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కటేనని తరువాత తోచింది. ఈ వ్యాసం ఆ సమాధానమే.

2006లో తమిళనాడులో వచ్చిన తమిళ అభ్యసన చట్టం సంగతి మీకు తెలిసిందే. ఆ విద్యా సంవత్సరంలో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి పోయి, 2015-16 నాటికి అది పదో తరగతికి చేరింది. తమిళం నేర్వడం మన పిల్లలకు అవసరమే, అందులో సందేహం లేదు. అయితే మొదటి భాష స్థానం పోయిన తరువాత తెలుగు చదవడానికి మార్కులనే కారణం బలహీనపడింది. ఇక పిల్లవాడికి మరొక కారణం చూపించవలసిన బాధ్యత మనమీద పడింది. ఆ కారణం ఈ నగర వీధులలోనే ఉంది. సెలవులలో వారానికి రెండు పూటలు వెచ్చించండి చాలు. చైత్ర వైశాఖాల ఎండ మీకు తెలియనిది కాదు. ఉదయం ఆరున్నరకల్లా బయలుదేరి, పదిగంటలలోపు ఇల్లు చేరండి. మంచినీళ్ళ సీసా, ఒక నోటు పుస్తకం, పెన్సిలు వెంట ఉంటే మరేమీ అక్కరలేదు.

మొదటి ఉదయం: కాలేజీ రోడ్డు

నుంగంబాక్కంలోని ఈ రోడ్డుకు ఆ పేరు ఎలా వచ్చిందో పిల్లలను ఊహించమనండి. 1812లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చొరవతో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాల మూలంగా వచ్చిన పేరు అది. కొత్తగా వచ్చిన ఆంగ్లేయ ఉద్యోగులకు అక్కడ తెలుగు, తమిళం మొదలైన దేశభాషలు నేర్పేవారు. బోధించినవారు మన పండితులు. అక్కడి తెలుగు విభాగానికి పెద్ద అయిన పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక ఎల్లిస్ పరిశోధనకు ఆధారమైంది. 1816లో ఎ. డి. కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం ప్రచురితమైనప్పుడు, దాని పీఠికకు ఎల్లిస్ ఒక వివరణ జోడించాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, అవి ఒకే కుటుంబానికి చెందిన భాషలనీ అందులో నిరూపించాడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వెలువడింది. అంటే దానికి నలభై ఏళ్ళ ముందే ఆ మాట ఈ నగరంలో అచ్చయింది.

తెలుగు, తమిళం అక్కచెల్లెళ్ళని మనం తరగతిలో చెబుతాం. ఆ మాటకు శాస్త్రీయమైన పునాది పడిన వీధిలో నిలబడి చెబితే పిల్లవాడికి అది మరోలా వినిపిస్తుంది. ఆ ఆవరణలో నేడు విద్యాశాఖ కార్యాలయాలు ఉన్నాయి. లోపలికి వెళ్ళే వీలు లేకపోతే రోడ్డు మీది నుంచే చూపించండి.

1817లో మదరాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నేర్చుకున్నది ఈ కళాశాలలోనే. ఆయన సంపాదించిన వేమన పద్యాల సంపుటం 1829లో అచ్చయింది, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. ఆయన సేకరించిన వ్రాతప్రతులు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత భాండాగారానికి చేరాయి. ఆ భాండాగారం ఇప్పుడు కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉంది. మధ్యాహ్నపు ఎండకు బయట తిరగలేనప్పుడు ఆ గ్రంథాలయంలోని పిల్లల విభాగానికి తీసుకువెళ్ళండి. ఆ రోజు ఇంటికి వచ్చాక పిల్లవాడు అమ్మమ్మ నోటినుంచి వచ్చిన పది మాటలు రాసి, వాటి అర్థాలను నిఘంటువులో వెతకాలి. దొరకని మాట ఉంటే మరీ మంచిది. ఆ మాటకు అర్థం రాసే అధికారం అమ్మమ్మదే అని చెప్పండి.

రెండవ ఉదయం: మైలాపూరు

లజ్ చర్చి రోడ్డులో నాగేశ్వరరావు పార్కు ఉంది. అక్కడ రోజూ నడిచేవారిలో ఎందరికి ఆ పేరు ఎవరిదో తెలుసు? కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో 1893లో అమృతాంజనం స్థాపించారు. తలనొప్పి మందు అమ్మి సంపాదించిన ధనాన్ని తెలుగు అక్షరానికి ఖర్చు పెట్టారు. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మదరాసుకు వచ్చి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక పుట్టింది. ఆంధ్రపత్రిక ఉగాది సంచికల కోసం పాఠకులు ఏడాదంతా ఎదురుచూసేవారు. పిల్లలను పార్కులో కూర్చోబెట్టి, నాలుగు పుటల ఉగాది సంచికను చేతిరాతతో తయారు చేయించండి. ఇంటి వార్తలు, ఒక పొడుపు కథ, తాతగారితో ముచ్చట, ఒక బొమ్మ. సంపాదకుడు పిల్లవాడే. తప్పులు దిద్దే పని మాత్రం మీది.

అక్కడినుంచి రాయపేట హైరోడ్డు దగ్గరే. అక్కడి 126వ నంబరు ఇల్లు నాడు బులుసు సాంబమూర్తి గారిది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు ఆ ఇంట నిరాహారదీక్ష ప్రారంభించి, డిసెంబరు 15 రాత్రి ప్రాణాలు విడిచారు. ఇప్పుడది స్మారక భవనం. ఆయన ఎక్కడినుంచో వచ్చినవారు కారు. 1901లో ఈ నగరంలోనే, జార్జిటౌనులోని అణ్ణాపిళ్ళై వీధిలో పుట్టారు.

ఈ కథను పిల్లలకు జాగ్రత్తగా చెప్పాలి. నగరం ఎవరిదన్న వివాదం ఆనాడు రెండు వైపులా మనసులను గాయపరచింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది, మదరాసు నగరం మదరాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇక్కడి తెలుగు కుటుంబాలు ఇల్లు మారలేదు, వీధి మారలేదు. అయినా ఆ రోజు నుంచి అవి అల్పసంఖ్యాక భాషా కుటుంబాలయ్యాయి. పోట్లాట కథగా కాక ఇలా చెబితే, మన బడి ఎందుకు ఉన్నదో, మన పాఠ్యపుస్తకం కోసం ఎందుకు ఇంత ప్రయాస పడతామో పిల్లవాడికి ఒక్క పూటలో తెలుస్తుంది.

మూడవ ఉదయం: త్యాగరాయనగర్, వడపళని

టీ. నగర్ అన్నప్పుడు బట్టల దుకాణాలే గుర్తుకు వస్తాయి. ఆ పొడి అక్షరం వెనుక ఉన్నది పిట్టి త్యాగరాయ శెట్టి గారి పేరు. నగరసభకు అధ్యక్షులుగా ఉన్న కాలంలో, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఆహారం పెట్టే ఏర్పాటు చేశారు. ఈ రోజు దేశమంతటా బడిలో అన్నం తింటున్న పిల్లల కథకు అది ఒక ముఖ్యమైన తొలి అధ్యాయం. పక్కనే ఉన్న పానగల్ పార్కు, 1921 నుంచి 1926 వరకు మదరాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉన్న పానగల్ రాజా పానగంటి రామరాయణింగారి పేరిట ఉంది. పిల్లలను బడి మధ్యాహ్న భోజనం మీద అయిదు వాక్యాలు రాయమనండి.

వడపళని గురించి పెద్దవాళ్ళే ఎక్కువ ముచ్చటపడతారు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో చందమామను తెలుగులోనూ, అంబులిమామ పేరుతో తమిళంలోనూ ఒకేసారి ప్రారంభించారు. కొడవటిగంటి కుటుంబరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చందమామను తీర్చిదిద్దారు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుని బొమ్మ వేసిన శంకర్ గారు తమిళులు. తెలుగు పిల్లలు మూడు తరాలుగా ఆ బొమ్మతోనే కథ చదివారు. పత్రిక ఇప్పుడు రావడం లేదు గానీ పాత సంచికలు చాలా ఇళ్ళలో అటకమీద ఉన్నాయి. దింపండి, దుమ్ము దులపండి. రాత్రి పడుకునే ముందు పిల్లవాడు చదవాలి, పెద్దవాళ్ళు వినాలి. మనం చదివి వినిపించడం కాదు.

నాలుగవ ఉదయం: కోవూరు

పోరూరు దాటాక ఉన్న కోవూరులో సుందరేశ్వరస్వామి ఆలయం ఉంది. త్యాగరాజస్వామి మదరాసు వచ్చినప్పుడు సుందరేశ మొదలియారు ఆయనకు ఆతిథ్యమిచ్చి, తన స్వగ్రామానికి తీసుకువెళ్ళారు. అక్కడి స్వామిమీద త్యాగయ్య అయిదు కీర్తనలు పాడారు. వాటినే కోవూరు పంచరత్నాలంటారు. ఆతిథ్యం తమిళుడిది, పాట తెలుగుది. సంగీతం నేర్చుకునే పిల్లలుంటే ఆ అయిదింటిలో ఒకటి నేర్పించి అక్కడ పాడించండి. పాడలేని పిల్లవాడు సాహిత్యాన్ని అందంగా రాసి తీసుకురావచ్చు. తెలుగు కీర్తనను తమిళ లిపిలో రాసుకుని పాడే పిల్లలు మన మధ్యనే ఉన్నారు. వారికి తెలుగు అక్షరాలు నేర్పడానికి ఇంతకంటె మంచి సాకు దొరకదు.

ఇంటి చరిత్ర

చివరి రోజు ఎక్కడికీ వెళ్ళకండి. తాతగారినో, నాయనమ్మనో కూర్చోబెట్టి పిల్లలచేత అడిగించండి. మన కుటుంబం ఇక్కడికి ఎప్పుడు వచ్చింది? ఎవరు, ఏ పనిమీద వచ్చారు? మొదట ఏ వీధిలో ఉన్నారు? మీరు ఏ బడిలో తెలుగు చదివారు? జవాబులను పిల్లవాడు సొంత దస్తూరీతో రాయాలి. ఆ కాగితాలు పోగొట్టకండి. నాలుగు రోజులు చూసిన చరిత్రకు అది అయిదో అధ్యాయం.

ఇతర ప్రాంతాల మిత్రులు ఇదంతా చెన్నైవారికే అనుకోవద్దు. పర్లాకిమిడివారికి అక్కడ ఉపాధ్యాయులుగా పనిచేస్తూ సవర భాష నేర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఉన్నారు. తంజావూరువారికి సరస్వతీ మహలు ఉంది, నృసింహజయంతి రోజులలో తెలుగు నాటకాలాడే మేలట్టూరు ఉంది. కర్ణాటకలోనివారికి హంపి ఉంది. యానాంవారికి 1954 దాకా ఫ్రెంచి పాలనలో నిలిచిన తెలుగు ఉంది. మీ ఊరి నాలుగు ఉదయాలను మీరే కూర్చుకోండి.

నాటి అమ్మాయి ఇప్పుడు పెద్దదయింది. మళ్ళీ కనబడితే ఈసారి తడుముకోకుండా చెబుతాను: "అమ్మా, తెలుగు ఊళ్ళో భాష అన్నావు చూశావూ, నిజమే. ఆ ఊళ్ళలో ఇదీ ఒకటి."

సెలవు.