ప్రెస్సులో చెయ్యి పోతే పరిహారం ఎంత? ఎవరు ఇవ్వాలి?

బాలానగర్, కాటేదాన్, జీడిమెట్ల షెడ్లలో పవర్ ప్రెస్ మామూలు మెషీన్. రేకు డై మీద పెట్టి పెడల్ తొక్కితే ర్యామ్ ఒక్కసారి దిగి పైకి పోవాలి. పాత ప్రెస్సుల్లో క్లచ్ కీ అరిగినా, దాని స్ప్రింగ్ తెగినా పెడల్ తొక్కకుండానే ర్యామ్ మళ్లీ దిగుతుంది. దీన్నే డబుల్ స్ట్రోక్ అంటారు. స్విచ్ ఆపినా లాభం లేదు, ఫ్లైవీల్ ఊపుకి దెబ్బ పడి తీరుతుంది.

వేళ్లు పోయాక సేఠ్ నోట వచ్చే మొదటి మాట: "వాడే చూసుకోలేదు". చట్టం దగ్గర ఈ మాట నిలవదు. 1923 నాటి పరిహార చట్టం (2025 నవంబర్ నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది) ప్రకారం, పని వల్ల దెబ్బ తగిలిందని తేలితే చాలు. యజమాని తప్పు రుజువు చేయక్కర్లేదు. మినహాయింపులు మూడే: తాగి ఉండటం, భద్రతా ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, గార్డును కావాలని తీసేయడం. చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా అవి కూడా చెల్లవు. ఇక గార్డు సంగతి. పీసులు ఎక్కువ రావాలని దాన్ని విప్పించేది చాలాసార్లు సూపర్‌వైజరే. ఎవరు విప్పమన్నారో చెప్పే తోటి కార్మికుడి సాక్ష్యం అందుకే ముఖ్యం.

లెక్క ఇలా ఉంటుంది. 25 ఏళ్ల కుర్రాడు, జీతం 15,000. అందులో 60 శాతం 9,000. వయసును బట్టి వచ్చే గుణకం 216.91తో హెచ్చిస్తే 19,52,190 రూపాయలు. ఇది పూర్తి వైకల్యానికి. ఒక చెయ్యి పోతే అందులో 60 శాతం, అంటే 11,71,314. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, 5,85,657. యాభై వేలు చేతిలో పెట్టి కాగితం మీద సంతకం చేయించుకుంటే హక్కు పోదు, అలాంటి ఒప్పందం చెల్లదు. రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి.

ఈఎస్ఐ ఉన్నవాళ్లకు దారి వేరు. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట 21,000 లోపు జీతగాళ్లకు అది వర్తిస్తుంది. అప్పుడు పరిహారం సేఠ్ దగ్గర కాదు, ఈఎస్ఐ దగ్గరే అడగాలి: వైద్యం, పనికి పోలేని రోజులకు జీతంలో 90 శాతం, శాశ్వత నష్టానికి మెడికల్ బోర్డు తేల్చిన శాతాన్ని బట్టి నెలనెలా డబ్బు. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా ఇది వస్తుంది.

హాస్పిటల్‌లో మాత్రం "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించనివ్వొద్దు. కార్ఖానా, మెషీన్, టైమ్ కేస్ షీట్‌లో పడాలి.