పది చావులు నేర్పిన పాఠం

ఆపరేషన్ అనగానే మనకు కత్తి గుర్తుకొస్తుంది. కాని కత్తికంటె ముందు వచ్చేది మత్తు. 1846లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్ మత్తును నలుగురి ఎదుట ప్రదర్శించారు. ఆనాటినుండి ఎందరో నొప్పి తెలియకుండా ఆపరేషన్లు చేయించుకున్నారు. అయితే కొన్ని కుటుంబాలవారికి ఆ మత్తే ప్రాణాంతకమని వైద్యులు గ్రహించడానికి నూరేళ్ళు దాటింది. అదికూడా ఒక రోగి చెప్పిన మాట వల్లనే.

1960లో ఆస్ట్రేలియాలోని రాయల్ మెల్బోర్న్ ఆసుపత్రికి 21 ఏళ్ళ విద్యార్థి ఒకడు కాలు విరిగి వచ్చాడు. అతనికి కాలికంటె మత్తంటేనే భయం. తన బంధువులు పదిమంది ఈథర్ మత్తులో చనిపోయారని చెప్పాడు. డాక్టర్లు ఆ మాటను కొట్టిపారేయక, అప్పటికి కొత్తదైన హేలోథేన్ ఇచ్చారు. దానితోనూ ప్రమాదమే వచ్చింది. గుండె వేగం పెరిగింది, రక్తపోటు పడిపోయింది, ఒళ్ళు కాలిపోయింది. ముందే హెచ్చరిక ఉన్నందున వెంటనే మత్తు ఆపి, మంచుగడ్డలతో చల్లబరిచారు. కుర్రవాడు బతికాడు. డెన్‌బరో, లొవెల్ అను డాక్టర్లు ఈ సంగతిని అదే ఏడు లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తరువాత అతనికి మరో ఆపరేషన్‌ను వెన్నులో మత్తు ఇచ్చి చేస్తే ఏ ఇబ్బందీ రాలేదు.

ఈ జబ్బు పేరు మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా. ఆవిరి మత్తుమందులు, సక్సినైల్‌కోలిన్ అనే ఇంజక్షన్ తగిలితే కండరాలలో కాల్షియం అదుపు తప్పుతుంది. కండరాలు బిగుసుకొని వేడి పుడుతుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఈ లోపముంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

1975లో కేప్‌టౌన్‌లో డాక్టర్ హారిసన్, ఇదే లోపం గల పందులను డాంట్రోలీన్ మందుతో బతికించి చూపాడు. 1979లో అమెరికా ప్రభుత్వం ఆ ఇంజక్షన్‌కు అనుమతి ఇచ్చింది. పూర్వం ఈ జబ్బు వచ్చిన పదిమందిలో ఏడెనిమిది మంది పోయేవారు. వెంటనే గుర్తించి ఈ మందు ఇస్తే ఇప్పుడు చాలామంది బతుకుతున్నారు. ముందే తెలిస్తే మరీ మంచిది. ఆ మందులు మాని ప్రొపొఫాల్ వంటివి ఇస్తారు, లేదా వెన్నులో మత్తు ఇస్తారు.

కనుక, మన ఖాందాన్‌లో ఎవరైనా మత్తులో ఉండగా ఒళ్ళు కాలి చనిపోయి ఉంటే, కిస్మత్ అని ఊరుకోరాదు. ఇదివరకు ఒకసారి మత్తు బాగానే పడింది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి, పిల్లలకూ తెలియజేయాలి. మెల్బోర్న్ విద్యార్థిని కాపాడింది అతడు నోరు విప్పి చెప్పిన ఆ ఒక్క మాటే.