బొమ్మలతో వేసిన ప్రశ్న: పూర్వ ప్రాథమిక దశలో ఆత్మభావనపై పరిశోధనల చరిత్ర

మూడేళ్ల పిల్లవాడిని 'నువ్వు ఎలాంటివాడివి?' అని అడిగితే పేరు చెప్పి ఊరుకుంటాడు. తన గురించి తాను ఏమనుకుంటున్నాడో వివరించేంత భాష వాడికి ఇంకా రాలేదు. అందుకే ఈ దశలోని ఆత్మభావనను పరిశీలించడం మనోవిజ్ఞాన శాస్త్రానికి చాలాకాలం కష్టమైంది. విలియం జేమ్స్ 1890లోనే 'తెలుసుకునే నేను', 'తెలియబడే నేను' అని రెండింటిని వేరు చేశాడు. ఇతరుల చూపులే మనకు అద్దమని 1902లో చార్లెస్ కూలీ అన్నాడు. అయితే ఇవి ఎక్కువమంది పిల్లలను పరీక్షించి తేల్చిన విషయాలు కావు.

ఆ పనికి పూనుకున్నవారిలో మేమీ ఫిప్స్ క్లార్క్ ముఖ్యురాలు. అమెరికాలోని అర్కాన్సాస్ రాష్ట్రంలో పుట్టిన ఈ నల్లజాతి మహిళ 1939లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. సిద్ధాంత వ్యాసానికి నల్లజాతి నర్సరీ పిల్లల 'నేను' అన్న ఎరుకనే అంశంగా తీసుకున్నారు. తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు, జంతువులు, విదూషకుడు ఉన్న గీత బొమ్మలు చూపి, 'ఇందులో నువ్వు ఎవరు?' అని అడిగే పద్ధతి అది. లేత చాయ ఉన్న నల్లజాతి పిల్లలు తెల్ల పిల్లవాడి బొమ్మను ఎక్కువగా చూపారు. ఇది తప్పు జవాబు కాదు. ఈ వయసులో 'నేను' అంటే కంటికి కనిపించే ఒళ్లే. జాతి అన్న పెద్దల విభజన ఆ తర్వాత వచ్చి చేరుతుంది.

తర్వాత భర్త కెన్నెత్‌తో కలిసి చేసిన బొమ్మల పరీక్షే మీరు తరచుగా వినేది. (పాఠ్యపుస్తకాలు దీన్ని కెన్నెత్ ఒక్కడి పేరిట రాయడం నాకు నచ్చదు.) 1947లో ప్రచురించిన ఈ అధ్యయనంలో 3 నుంచి 7 ఏళ్ల నల్లజాతి పిల్లలు 253 మంది. వీరిలో 134 మంది దక్షిణాది వేర్పాటు బడులవారు, 119 మంది ఉత్తరాది ఉమ్మడి బడులవారు. చర్మం, జుట్టు రంగు తప్ప అన్నిటా ఒకేలా ఉన్న బొమ్మలు వారి ముందు పెట్టారు. ఆడుకోవడానికి తెల్ల బొమ్మే కావాలన్నవారు 67 శాతం. చెడ్డగా కనిపించే బొమ్మ ఏదంటే గోధుమరంగు బొమ్మను చూపినవారు 59 శాతం. 'నీలా ఉన్నది ఏది?' అన్న ప్రశ్నను చివరికి ఉంచారు. అప్పటిదాకా చెడ్డదన్న బొమ్మనే చూపవలసి వచ్చేసరికి కొందరు పిల్లలు ఏడ్చారు, గదిలోంచి వెళ్లిపోయారు. తనను గుర్తించడం, తనకు విలువ కట్టుకోవడం అనే రెండు పనులు ఒకే పసిమనసులో ఢీకొన్న క్షణం అది. చుట్టాలు వచ్చి అక్క తెలుపు, చెల్లి నలుపు అని పోల్చేటప్పుడు పక్కనే నిలబడ్డ చెల్లిని గమనించినవారికి ఇది కొత్తగా అనిపించదు.

వేర్పాటు బడులపై సాగిన వ్యాజ్యాలలో కెన్నెత్ సాక్ష్యమిచ్చాడు. 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో అలాంటి బడులు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెబుతూ, 11వ పాదసూచికలో అతని రచననూ పేర్కొంది.

ఇక్కడ విద్యార్థులు దాటవేయకూడని చిక్కు ఒకటుంది. తెల్ల బొమ్మపై మొగ్గు వేర్పాటు బడుల పిల్లలలో కంటే ఉమ్మడి బడుల పిల్లలలోనే కొంత ఎక్కువ. అంటే ఆ మొగ్గుకు బడి ఒక్కటే కారణమని ఈ అంకెలు నిరూపించవు. ఇల్లు, వీధి, దుకాణం కూడా లెక్కలోకి వస్తాయి. తీర్పు న్యాయమైనదే, కానీ దానికి ఆధారం బొమ్మలే అనుకోవడం పొరపాటు. మరో అభ్యంతరం విలియం క్రాస్ 1991లో ప్రచురించిన గ్రంథంలో ఉంది. తన సమూహాన్ని తక్కువగా చూసే బిడ్డ తనను కూడా తక్కువగానే చూసుకుంటుందని అనుకోనక్కర లేదని, ఈ రెండింటినీ విడివిడిగా కొలవాలని ఆయన వాదించాడు. నా దృష్టిలో ఇది బలమైన అభ్యంతరం. బొమ్మను ఎంచుకోవడం ఆత్మగౌరవానికి నేరు కొలత కాదు.

మేమీ మాత్రం కొలతలతో ఆగలేదు. 1946లో భర్తతో కలిసి న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పిల్లల మానసిక అభివృద్ధి కోసం నార్త్‌సైడ్ కేంద్రాన్ని ప్రారంభించి, 1979లో పదవీ విరమణ చేసేదాకా దాన్ని నడిపారు.