మబ్బును అన్ని పెట్టెల్లోనూ చూపించినవాడు

మెసా అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ జనం చేతికొచ్చి ముప్ఫై ఏళ్లు దాటాయి. ఎవరూ పండగ చేసినట్టు నాకు తెలియదు. కర్ణాటకలో తుంగభద్ర ఒడ్డునున్న కంప్లిలోనైనా దాని ఊసెత్తాలి.

కంప్లి చరిత్రంతా యుద్ధం, వరద. పదకొండో శతాబ్దంలో చోళులు ఇక్కడి చాళుక్యుల మేడను కూల్చారు. 1327లో కంపిలి రాజ్యం ఢిల్లీ సుల్తాను సేనల పాలైంది. 1953 నాటికి ఎగువన తుంగభద్ర డ్యామ్ లేచింది. గేట్లు బాగా ఎత్తితే కంప్లి వంతెన మునుగుతుంది, గంగావతి దారి తెగుతుంది. పైనెక్కడో మబ్బు ఎంత పట్టిందో ముందుగా తెలియాలంటే వాతావరణ అంకెలు బొమ్మలు కావాలి.

ఆ బొమ్మలకు ఒకప్పుడు వర్క్‌స్టేషన్ అనే శక్తిమంతమైన కంప్యూటర్ కావాల్సి వచ్చేది. పది లక్షల బైట్ల మెమరీ, పది లక్షల చుక్కల తెర, సెకనుకు పది లక్షల ఆదేశాలు ఉండాలని 1980ల మొదట్లో కార్నెగీ మెలన్‌లో కొలత చెప్పినవాళ్లలో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరు బిడ్డ రాజ్ రెడ్డి ఒకరు.

ఇక నాకిష్టమైన కథ. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బిల్ హిబ్బార్డ్ బృందం 1980ల చివర 'విస్ ఫైవ్‌డీ' అనే ప్రోగ్రాం రాసింది. మబ్బును ఏ వైపు నుంచైనా తిప్పి, గంటగంటకూ కదిలించి చూడొచ్చు. చిక్కల్లా, అది వర్క్‌స్టేషన్లు చేసే సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ వాళ్ల సొంత గ్రాఫిక్స్ కోడ్ లైబ్రరీ ఐరిస్ జీఎల్‌ను నమ్ముకుంది. ఆ లైబ్రరీ లేని మెషీన్ ముందు కూర్చున్నవాడికి మబ్బు లేదు!

అక్కడే పనిచేసే బ్రయన్ పాల్ ముందు వోగిల్ అనే ఉచిత లైబ్రరీని సవరించి, మిగతా మెషీన్ల మీద విస్ ఫైవ్‌డీని లేపాడు. 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ చొరవతోనే ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ ప్రమాణం వచ్చింది. నియమాలు అందరికీ తెరిచే ఉన్నా, నడిపే కోడ్ కంపెనీల దగ్గరే ఉంది. 1993 ఆగస్టులో పాల్ తీరిక వేళల్లో ఆ కోడ్ సొంతంగా రాయడానికి కూర్చున్నాడు. బొమ్మను కూర్చే త్రిభుజాలను ప్రత్యేక చిప్ లేకుండా మామూలు ప్రాసెసరే చుక్కచుక్కగా నింపాలి. 256 రంగులే పలికే తెర మీద పక్కపక్క చుక్కలతో లేని రంగులున్నట్టు నమ్మించాలి. నత్తనడకే, అయినా నడిచింది. దాన్ని అందరికీ పంచిపెడతానని 1994 నవంబరులో సిలికాన్ గ్రాఫిక్స్‌ను అడిగాడు. ఆశ్చర్యం, కాదనలేదు! 1995 ఫిబ్రవరిలో ఆ కోడే మెసా పేరుతో విడుదలైంది.

ఆ తర్వాత కథకు వరస చిక్కదు. ఆటల కోసం పుట్టిన చవక గ్రాఫిక్స్ కార్డులు ఖరీదైన వర్క్‌స్టేషన్ల పొట్ట కొట్టాయి. సిలికాన్ గ్రాఫిక్స్ 2009లో దివాలా తీసి అమ్ముడైంది. విస్ ఫైవ్‌డీని తలిచేవాళ్లు అరుదు. ఇక కంప్లి ఎగువన 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. దాన్ని ఏ మబ్బుబొమ్మ చెప్పగలదు?

మీ ఇంట్లో లినక్స్ కంప్యూటరుంటే దాని గ్రాఫిక్స్ వివరాలు ఒకసారి తెరిచి చూడండి. మెసా పేరు అక్కడ ఉండే అవకాశమే ఎక్కువ.